నీటి గుణాలు, ప్రాణుల బతుకు: వంటింట్లో చేసి చూసే సమగ్ర మార్గదర్శి

నీటి గురించి బడి పుస్తకాల్లో ఒక జాబితా ఉంటుంది: తలతన్యత, కేశనాళికీయత, విశిష్టోష్ణం, ద్రావణి గుణం. పిల్లలు బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, ఆ తర్వాత మర్చిపోతారు. అలా మర్చిపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఈ గుణాలన్నీ ఒకే ఒక్క కారణం నుంచి పుట్టినవి. ప్రతి గుణం మీదా ఏదో ఒక ప్రాణి బతుకు ఆధారపడి ఉంది. పైగా అన్నింటినీ ఇంట్లో ఉన్న సామాన్లతోనే చేసి చూడొచ్చు.

కొనాల్సినవి తక్కువే. మందుల షాపులో దొరికే డ్రాపర్ ఒకటి, ల్యాబ్ సామాన్ల షాపులో దొరికే 0 నుంచి 110 డిగ్రీల గాజు థర్మామీటర్లు రెండు, కేకుల్లో వాడే తినే రంగు ఒక సీసా. జ్వరం చూసే థర్మామీటర్ ఈ పనికి రాదు, అది 35 డిగ్రీల కింద ఏమీ చూపించదు. మిగతావన్నీ వంటింట్లో ఉన్నవే. ఇక్కడ చెప్పిన వరసలోనే చేయండి, ముందు మెట్టులో తెలిసింది తర్వాతి మెట్టులో అక్కరకొస్తుంది.

మొదటి మెట్టు: రూపాయి బిళ్ళ మీద చుక్కలు

రూపాయి బిళ్ళని సబ్బుతో కడిగి, మంచినీళ్లతో బాగా తొలిచి, పొడిగా తుడిచి బల్ల మీద పెట్టండి. డ్రాపర్‌తో ఒక్కో చుక్క నీళ్లు వేస్తూ లెక్కపెట్టండి. నీళ్లు అంచు దాకా వచ్చాక ఇక పొర్లిపోతాయి అనుకుంటాం. పొర్లవు. మధ్యలో ఉబ్బుతూ పైకి లేస్తాయి. తల దించి, కళ్ళని బిళ్ళ ఎత్తుకి తెచ్చి పక్క నుంచి చూడండి, అంచు దగ్గర నీరు గుండ్రంగా వంగి ఆగిపోయి ఉంటుంది. నెమ్మదిగా వేస్తే ఇరవై చుక్కలు దాటినా నిలుస్తాయి. ఇప్పుడు బిళ్ళ తుడిచి, గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లతో ఇదే పని చేయండి. చాలా ముందే జారిపోతుంది.

నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు ఉంటాయి. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లని తన వైపు ఎక్కువ లాక్కుంటుంది. అణువు తిన్నగా కాకుండా 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ ఉన్న వైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్లు ఉన్న వైపు కొంచెం ధనావేశం మిగులుతాయి. ఒక అణువు ధన వైపు పక్క అణువు రుణ వైపుని పట్టుకుంటుంది. దీన్నే హైడ్రోజన్ బంధం అంటారు. ఈ పట్టు గట్టిదేం కాదు, సెకనులో లక్షల కోట్ల వంతు కాలంలోనే విడిపోయి మళ్ళీ ఇంకో అణువుతో కలుస్తుంది. కోలాటంలో జతలు క్షణానికోసారి మారుతున్నా ఆట వలయం తెగదు కదా, నీళ్లలో జరిగేది అదే.

ఈ పట్టు లేకపోతే ఏమయ్యేదో తెలియాలంటే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని చూడాలి. కుళ్ళిన గుడ్డు వాసన దానిదే. దాని అణువు నీటి అణువుకి దాదాపు రెట్టింపు బరువు, అయినా మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. దానికంటే తేలికైన నీరు 100 డిగ్రీల దాకా ద్రవంగా ఉంటోందంటే అది హైడ్రోజన్ బంధాల చలవే. నదులు, సముద్రాలు, మన ఒంట్లో రక్తం ద్రవంగా ఉండటానికి కారణం ఇదే.

ఒక మాట. నీటి అణువు ఆవేశాన్ని చూపించడానికి చాలామంది దువ్వెన ప్రయోగం చేయిస్తారు. పొడి జుట్టు దువ్విన ప్లాస్టిక్ దువ్వెనని సన్నని కుళాయి ధార దగ్గర పెడితే ధార వంగుతుంది. చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ వంపుకి ముఖ్య కారణం ధారలోకి చేరే విద్యుదావేశం, అణువు ఆకారం కాదు. రుజువు కానిదాన్ని రుజువుగా పిల్లలకి చూపించడం నాకు ఇష్టం లేదు, అందుకే దాన్ని ఈ వరసలో పెట్టలేదు.

రెండో మెట్టు: సూది తేలడం

గిన్నె నిండా నీళ్లు పోసి, చిన్న టిష్యూ ముక్క మీద సూదిని పడుకోబెట్టి నీటిపైన వదలండి. టిష్యూ తడిసి మునిగిపోతుంది, మునగకపోతే పుల్లతో అంచుల్ని కిందికి నొక్కండి. సూది పైనే ఉండిపోతుంది. దగ్గరగా చూస్తే సూది కింద నీటి ఉపరితలం కొంచెం లోపలికి వంగి కనిపిస్తుంది. ఇప్పుడు గిన్నె అంచున ఒక్క చుక్క సబ్బునీళ్లు వేయండి. సూది టక్కున మునుగుతుంది.

పై వరస అణువులకి పైన పట్టుకోవడానికి నీళ్లు లేవు, అందుకని పక్కవాటినీ కిందివాటినీ పట్టుకుని ఉంటాయి. దానివల్ల ఉపరితలం బిగుతుగా నిలుస్తుంది. అదే తలతన్యత. చెరువుల్లో నీటి మీద నడిచే పురుగులు దీని మీదే నడుస్తాయి. దోమ లార్వాలు కూడా తోక చివర ఉన్న గొట్టాన్ని ఈ పొరకి తగిలించి, తలకిందులుగా వేలాడుతూ గాలి పీలుస్తాయి. నిలవ నీళ్లలో నూనె చల్లినా, పంచాయతీలు, మున్సిపాలిటీలు నూనెలో నానబెట్టిన ఆయిల్ బాల్స్ వేసినా ఆ పొర మారిపోతుంది, లార్వాలకి గాలి అందదు.

ఇదే గుణం మన ఊపిరితిత్తుల్లో ప్రమాదం కూడా. లోపలి గాలి సంచుల గోడలు తడిగా ఉంటాయి. ఆ తడి పొర బిగుతు వాటిని మూసేయడానికి చూస్తుంది. అలా కాకుండా శరీరం అక్కడ సర్ఫాక్టెంట్ అనే పదార్థాన్ని తయారు చేసుకుంటుంది. గిన్నెలో సబ్బు నీటి పైపొర బిగుతుని తగ్గించి సూదిని ముంచినట్టే, ఇది అక్కడ ఆ బిగుతుని తగ్గిస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పాపాయిలకి ఇది చాలినంత ఉండదు, అందుకే వాళ్ళకి ఊపిరి కష్టమవుతుంది, ఆస్పత్రుల్లో ఈ మందుని నేరుగా ఊపిరితిత్తుల్లోకి ఇస్తారు.

మూడో మెట్టు: పువ్వుకి రంగెక్కించడం

తెల్ల చామంతి గానీ లిల్లీ పూల కాడ గానీ తీసుకోండి. కాడని నీళ్లలో ముంచి ఉంచి, నీళ్ల లోపలే ఏటవాలుగా కోయండి. బయట కోస్తే కోసిన చోట గాలి బుడగ చేరి నీటి దారం తెగిపోవచ్చు. రంగు చిక్కగా కలిపిన గ్లాసులో కాడ పెట్టి ఫ్యాను గాలి తగిలే చోట ఉంచండి. ఇంకో కాడని అలాగే పెట్టి పైన పాలిథిన్ కవరు వదులుగా కప్పండి. మర్నాటికి ఫ్యాను కింద పువ్వు రేకుల నరాల్లో రంగు స్పష్టంగా కనిపిస్తుంది, కవరు కింద ఉన్నదానికి తక్కువగా ఎక్కుతుంది.

ఆ తేడాలోనే అసలు విషయం ఉంది. సన్నని గొట్టాల గోడల్ని పట్టుకుని నీరు తనంతట తాను కొంత ఎగబాకుతుంది, అది కేశనాళికీయత. చెట్టు పైదాకా ఎక్కడానికి మాత్రం అది చాలదు. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే, పోయే అణువు వెనకున్న అణువుని లాగుతుంది, అది తన వెనకదాన్ని, అలా వేరు దాకా. 1894లో డబ్లిన్‌లో డిక్సన్, జోలీ ఈ వివరణ ఇచ్చారు. పొలంలో మోటారు పెట్టిన రైతుకి ఇది ఎంత పెద్ద సంగతో వెంటనే తెలుస్తుంది. పైన కూర్చోబెట్టిన మోటారు నీటిని పీల్చగలిగే లోతు, లెక్క ప్రకారం చూసినా 10 మీటర్లే. అంతకంటే లోతైతే మోటారునే కిందికి దించాలి. అలాంటిది కాలిఫోర్నియా తీరంలోని రెడ్‌వుడ్ చెట్లు 115 మీటర్ల ఎత్తుకి కూడా కరెంటు, మోటారు ఏమీ లేకుండా నీళ్లు ఎక్కించుకుంటున్నాయి. మొదటి మెట్టులో బిళ్ళ మీద నీటిని నిలబెట్టిన పట్టే ఇక్కడ పని చేసేది.

నాలుగో మెట్టు: నీరు, ఇసుక, ఎండ

ఒకే సైజు స్టీలు గిన్నెలు రెండు తీసుకుని, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో పొడి ఇసుక సమాన బరువులో పోయండి. రెండింటి మీదా పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించండి, లేకపోతే నీరు ఆవిరై చల్లబడి లెక్క తప్పుతుంది. గంటసేపు ఎండలో పెట్టి ఉష్ణోగ్రత చూడండి. తర్వాత నీడలోకి తెచ్చి అరగంటకి మళ్ళీ చూడండి. ఇసుక త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, నీరు రెండింటికీ తాపీగా కదులుతుంది.

గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.18 జౌళ్ళు కావాలి, ఇసుకకి సుమారు 0.8 చాలు. ఈ లెక్కనే విశిష్టోష్ణం అంటారు. ఇచ్చిన వేడిలో చాలా భాగం అణువుల మధ్య పట్టుని సడలించడానికే ఖర్చవుతుంది. మే నెలలో రామగుండంలో 42, 43 డిగ్రీలు మామూలైపోయిన రోజున విశాఖలో 35 దగ్గర ఉండటానికి పక్కనున్న సముద్రమే కారణం. పెద్దవాళ్ళ ఒంట్లో బరువులో సుమారు 60 శాతం నీరే. అందుకే ఎండలోకి వెళ్ళొచ్చినా ఒంటి వేడి ఒక్కసారిగా పెరిగిపోదు.

ఐదో మెట్టు: తడిగుడ్డ థర్మామీటర్

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ఇది ఎండాకాలంలో ప్రాణం కాపాడే విషయం.

రెండు థర్మామీటర్లని పక్కపక్కనే వేలాడదీయండి. ఒకదాని బుడ్డికి పల్చని నూలుగుడ్డ చుట్టి, గుడ్డ కొసని చిన్న నీళ్ల గిన్నెలో ముంచండి. ఫ్యాను వేసి పది నిమిషాలు ఆగండి. తడిగుడ్డది తక్కువ చూపిస్తుంది. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో చేస్తే పెద్ద తేడా వస్తుంది. ఉక్కపోత రోజున విజయవాడలో చేస్తే తేడా కొద్దిగానే ఉంటుంది. రెండు కొలతల్నీ రాసిపెట్టుకోండి.

లీటరు నీటిని 0 నుంచి 100 డిగ్రీలకి తేవడానికి సుమారు 420 కిలోజౌళ్ళు చాలు. అదే లీటరు నీరు చెమటగా ఒంటి మీద ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. అణువులు ఒకదాన్నొకటి పూర్తిగా వదిలిపోవాలి కాబట్టే ఇంత వేడి కావాలి. మట్టి కుండలో నీళ్లు చల్లబడేది కూడా గోడల్లోని సన్నని రంధ్రాల నుంచి కొంచెం కొంచెంగా ఆవిరవడం వల్లే. కుండని గాలి ఆడని మూల పెడితే చల్లబడదు.

గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది తప్ప ఆవిరవదు. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు. తడిగుడ్డ థర్మామీటర్ 35 డిగ్రీలు చూపించే స్థితి గంటల తరబడి ఉంటే ఆరోగ్యవంతుడు నీడలో కూర్చుని నీళ్లు తాగుతున్నా తట్టుకోలేడని శాస్త్రజ్ఞుల లెక్క. శరీరం దెబ్బతినడం అంతకంటే ముందే మొదలవుతుంది. కాబట్టి టీవీలో చెప్పే ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ధైర్యపడకండి, తేమ కూడా చూడండి. ఎవరికైనా వడదెబ్బ తగిలి ఒళ్ళు కాలిపోతుంటే నీడలోకి చేర్చి, ఒళ్ళంతా తడిపి, గట్టిగా విసరండి లేదా ఫ్యాను పెట్టండి. తడి ఒక్కటే చాలదు, గాలి ఆడాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆరో మెట్టు: మంచు, కొబ్బరినూనె

చలికాలంలో గడ్డకట్టిన కొబ్బరినూనె ముక్క ఒకటి తీసి, కరిగిన కొబ్బరినూనెలో వేయండి. అడుగుకి పోతుంది. ఎక్కువ పదార్థాలు ఇంతే, గడ్డకడితే చిక్కబడి మునుగుతాయి. ఐసు ముక్కని నీళ్లలో వేస్తే తేలుతుంది. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు నాలుగేసి పట్లతో ఎడంగా అమరిపోతాయి, పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. నీరు అన్నిటికంటే చిక్కగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. అందుకే గడ్డకట్టే చలిలో శ్రీనగర్ దాల్ సరస్సు పైన మంచు పలక పరుచుకున్నా కింద నీరు ద్రవంగానే ఉంటుంది, చేపలు బతుకుతాయి. మంచు మునిగేదైతే సరస్సు అడుగు నుంచి గడ్డకట్టుకుంటూ వచ్చేది.

ఈ వ్యాకోచం కణాలకి మాత్రం చేటు. దోసకాయ ముక్కని ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచి బయట పెట్టండి. మెత్తబడి నీరు కారిపోతుంది, లోపలి కణాల గోడలు చీలిపోయాయన్నమాట. బ్లడ్ బ్యాంకుల్లో ఎర్రకణాల సంచుల్ని 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచి, గడ్డకట్టకుండా జాగ్రత్తపడేది ఇందుకే.

ఏడో మెట్టు: కరిగించడం, లాగేయడం

మూడు గ్లాసుల నీళ్లలో ఉప్పు, పంచదార, నూనె వేరువేరుగా వేసి కలపండి. ఉప్పులోని ధన, రుణ అయాన్లని నీటి అణువులు చుట్టుముట్టి విడదీస్తాయి. పంచదార అణువులతో చెయ్యి కలుపుతాయి. నూనెకి పట్టుకోవడానికి ఆవేశం లేదు కాబట్టి దాన్ని వదిలేసి తమలో తాము కలిసిపోతాయి. నూనెని ఇలా దూరం పెట్టడం కూడా ప్రాణులకి అవసరమే. ప్రతి కణం చుట్టూ ఉన్న పల్చని కొవ్వు పొర నీటిలో కరగకపోవడం వల్లే లోపల, బయట అనే తేడా నిలుస్తోంది.

ఇప్పుడు మాగాయ జాడీ దగ్గరికి రండి. చెక్కు తీసిన మామిడికాయ ముక్కలకి ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెడితే మూడోనాటికి ముక్కలు ఊటలో తేలుతుంటాయి. మనం ఒక్క చుక్క నీరు పోయలేదు. బయట ఉప్పు ఎక్కువ కావడంతో ముక్కల కణాల్లోని నీరు పొరలు దాటుకుని బయటికి వచ్చింది. ఇదే ద్రవాభిసరణం. ఒక ముక్క చేతిలోకి తీసుకుని వంచండి, పచ్చిముక్కలా విరగదు, తోలులా వంగుతుంది. ఊట పిండి ఎండబెట్టిన ముక్కలు ఏడాది నిలవుంటాయి, ఎందుకంటే వాటి మీద పడిన బాక్టీరియా నుంచీ ఉప్పు ఇలాగే నీరు లాగేస్తుంది. తడి చెంచా పెట్టొద్దని అమ్మమ్మలు అరిచేది ఇందుకే, తడి తగిలినచోట ఉప్పు పలచబడి బూజు పడుతుంది.

నీరు ఇలా ఉప్పు వెంట నడవడాన్నే వైద్యులు ప్రాణం నిలబెట్టడానికి వాడుకున్నారు. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. విరేచనాల్లో వట్టి నీళ్లు తాగితే నిలవనిది, కొలత ప్రకారం ఉప్పు, చక్కెర కలిపితే నిలుస్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం బన్‌గావ్‌లో నడిచిన శిబిరంలో కలరా వ్యాపించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతోనే వేల మందిని కాపాడారు. ఇంట్లో చేయాలంటే: కాచి చల్లార్చిన నీళ్లు లీటరు, గీసినట్టు సమంగా ఉన్న 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకి ప్రమాదం, అందుకని చేతి అంచనాతో వేయకండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరికితే అదే మేలు. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, కొంచెం పొడి గ్లాసులో వేసుకోకూడదు.

నీరు మంచీ చెడూ చూసి కరిగించదు. నల్గొండ జిల్లా దీనికి తిరుగులేని ఉదాహరణ. అక్కడి గ్రానైటు రాళ్ళలోని ఫ్లోరైడు ఏళ్ళ తరబడి భూగర్భ జలంలోకి కరిగింది. ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్ళు గారపట్టాయి, కాళ్ళు వంకర్లు పోయాయి, నడుములు వంగిపోయాయి. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు గురించి 1937లోనే వైద్యులు రాశారు. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడ ఒక అపోహ చాలా చేటు చేస్తోంది: కాస్తే అన్నీ పోతాయని. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతి తయారు చేసి దానికి నల్గొండ పేరే పెట్టింది. తర్వాత మిషన్ భగీరథ కింద ఆ ఊళ్ళకి కృష్ణా నీరు వచ్చింది. మీది బోరు నీళ్లయితే రుచి చూసి నిర్ణయించకండి, ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

ఎనిమిదో మెట్టు: నీటిలో దాగిన గాలి

ఫ్రిజ్‌లోని చల్లటి కుళాయి నీళ్లు ఒక గాజు గ్లాసులో, బాగా మరిగించి కదపకుండా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లు ఇంకో గ్లాసులో పోసి, రెండింటినీ వెచ్చటి చోట పెట్టండి. గంటకి మొదటి గ్లాసు గోడలకి చిన్న చిన్న బుడగలు అంటుకుంటాయి. రెండోదాంట్లో తక్కువ, లేదా ఉండవు. నీరు వెచ్చబడితే కరిగిన గాలిని వదిలేస్తుంది, మరిగితే దాదాపు అంతా పోతుంది. అప్పుడే కాచి చల్లార్చిన నీళ్లు అక్వేరియంలో నింపితే చేపలకి ఊపిరాడదు.

20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీరు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీలకి అది 7.5 అవుతుంది. మనం పీల్చే లీటరు గాలిలో 270 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. చేప ఎంత కొద్దిపాటి దానితో బతుకుతోందో దీన్నిబట్టి తెలుస్తుంది. భీమవరం వైపు రొయ్యల రైతులకి ఇదంతా రోజువారీ టెన్షన్. పగలు చెరువులోని నాచు ఎండలో ఆక్సిజన్ వదులుతుంది. అది నీటి అణువుని విడగొట్టగా వచ్చిన ఆక్సిజనే, 1941లో రూబెన్, కామెన్ బృందం దీన్ని ప్రయోగంతో చూపించింది. రాత్రి నాచు కూడా ఆక్సిజన్ వాడుకునేదే తప్ప ఇచ్చేది కాదు. తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) అన్నిటికంటే తక్కువకి పడిపోతుంది, లీటరుకి 3 మిల్లీగ్రాముల కిందికి వస్తే ప్రమాదం. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, రొయ్యలు గట్టు వారకి చేరతాయి. అప్పుడు పరుగెత్తడం కంటే రాత్రి పొద్దుపోయినప్పటి నుంచే ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆన్‌లో ఉంచడం మంచిది, మబ్బు పట్టిన రోజుల్లో పగలు కూడా.

మీ దగ్గర్లో చెరువు ఉంటే ఆక్వా షాపులో డీఓ కిట్ కొని, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, తెల్లవారుజామున సూర్యుడు రాకముందు ఒకసారి కొలవండి. సీసాని నీటి లోపలే నింపి లోపలే మూత పెట్టాలి, బయట గాలి కలిస్తే కొలత తప్పు వస్తుంది. పై నీరే కాదు, అడుగు నీరు కూడా తీయండి, రొయ్యలు ఉండేది అక్కడే.